వేలిముద్ర కంటే ముందు ప్రశ్న: పిల్లల మీద బీపీ మందుల పరీక్షలు, మన హక్కులు

(వేటపాలెంలో ఆదివాసీ యువత ఆరోగ్య హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విషయం వింటే కొంతమందికి వింతగా అనిపించొచ్చు. బీపీ మందులు పిల్లల ఒంట్లో ఎలా పనిచేస్తాయో ఎలా తెలుసుకుంటారు, ఆ పరీక్షలు ఎవరి పిల్లల మీద జరుగుతాయి, వాళ్ళ తరఫున ఎవరు ఒప్పుకుంటారు అన్నదే విషయం. ఇళ్ళ స్థలాలు లేవు, కుల ధ్రువీకరణ పత్రాలకి తిప్పుతున్నారు, చెరువుల్లో చేపల హక్కు లేదు, ఇన్ని ఉండగా బీపీ మందుల గోల మనకెందుకు అని మీరు అడగొచ్చు. అడగండి. దానికి జవాబు చెప్పడానికే ఈ మాటలన్నీ.

ముందుగా ఒక మాట. బీపీ అంటే యాభై దాటినోళ్ళ జబ్బు అని మనం అనుకుంటాం. అది పిల్లలకీ వస్తుంది. చిన్నపిల్లల్లో అయితే చాలాసార్లు దాని వెనక వేరే జబ్బు దాగి ఉంటుంది. కిడ్నీ సరిగా పనిచేయకపోవచ్చు, కిడ్నీకి రక్తం తీసుకెళ్ళే నాళం సన్నబడి ఉండొచ్చు, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని పుట్టుకతోనే ఒకచోట నొక్కుకుపోయి ఉండొచ్చు. కాస్త పెద్ద పిల్లల్లో ఊబకాయం, ఉప్పు ఎక్కువ తిండి కూడా కారణాలవుతాయి. పిల్లోడికి తలనొప్పి, మొహం ఉబ్బు, మూత్రం తగ్గడం ఉంటే మనం ఆరెంపీ దగ్గర ఒక సూది వేయించుకుని వచ్చేస్తాం. బీపీ ఎవరూ చూడరు. చూసినా పెద్దవాళ్ళ చేతికి కట్టే పట్టీనే కడతారు. పట్టీ సైజు చేతికి సరిపోకపోతే అంకె తప్పొస్తుంది. చేతికి చిన్నదైన పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, మరీ పెద్దదైతే ఉన్న బీపీని దాచేస్తుంది.

పెద్దవాళ్ళకి ఉన్నట్టు పిల్లలకి ఒకే గీత కూడా లేదు. 2017లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 13 ఏళ్ళు నిండిన పిల్లలకి 130/80 దగ్గర నుంచి బీపీ ఉన్నట్టు లెక్క. అంతకంటే చిన్నవాళ్ళకి వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, ఎత్తు ఎంత అన్నవి చూసి, పట్టిక తీసి, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు కొలిచి అప్పుడు చెప్పాలి. తెల్లకోటు చూస్తేనే వణికే పిల్ల బీపీ ఆస్పత్రిలో ఎక్కువ చూపిస్తుంది. అందుకే అనుమానం ఉంటే 24 గంటలు చేతికి యంత్రం కట్టి ఇంటికి పంపుతారు. నిద్రలో ఎంతుంది, ఆటలో ఎంతుంది అంతా అందులో నమోదవుతుంది.

సరే, బీపీ ఉందని తేలింది. మందు ఎంత ఇవ్వాలి? కథ ఇక్కడే మొదలవుతుంది.

పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్ళు కాదు. డెబ్బై కిలోల మనిషికి ఒక బిళ్ళ అయితే, పదిహేడున్నర కిలోల పిల్లకి పావు బిళ్ళ అని లెక్క వేస్తే సరిపోదు. పుట్టిన బిడ్డ కిడ్నీ ఇంకా ముదరదు, మందుని బయటికి పంపడం దానికి కష్టం. అదే బిడ్డ రెండుమూడేళ్ళకి వచ్చేసరికి, కొన్ని మందుల్ని కిలో బరువు లెక్కన పెద్దవాళ్ళకంటే త్వరగా బయటికి పంపేస్తుంది. అంటే ఒక వయసులో తక్కువ మోతాదు కూడా ఎక్కువైపోతుంది, ఇంకో వయసులో ఎక్కువ అనుకున్నది కూడా చాలదు. పైగా ఐదేళ్ళ పిల్ల బిళ్ళ మింగలేదు. దాన్ని నలిపి తేనెలో కలిపితే ఎంత లోపలికి పోయిందో, ఎంత గిన్నెకి అంటుకుందో ఎవరు చెప్పగలరు?

చాలాకాలం డాక్టర్లు ఈ మందుల్ని పిల్లలకి అంచనాగానే ఇస్తూ వచ్చారు. పిల్లల మీద పరీక్ష చేయడం తప్పు అనుకుని పరీక్ష చేయలేదు. కానీ పరీక్షించకుండా మందు ఇచ్చారంటే, ప్రతి పిల్లాడి మీదా విడివిడిగా, లెక్క రాయకుండా పరీక్ష చేసినట్టే కదా! 1937లో అమెరికాలో సల్ఫా మందుని పిల్లలు కూడా తాగేలా తియ్యటి ద్రవంలో కలిపి అమ్మారు. ఆ ద్రవం విషమా కాదా అని ముందు చూసినవాళ్ళు లేరు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది పిల్లలు. అమ్మేముందు మందు సురక్షితమని నిరూపించాలనే చట్టం ఆ మరుసటి ఏడు, 1938లో వచ్చింది.

పరీక్ష జరగడం వల్ల పిల్లలు బతికిన కథ కూడా ఉంది, అందులో మన తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. 1948లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అంతకుముందు ఆ జబ్బు వస్తే పిల్లల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇవాళ రక్త క్యాన్సర్ పిల్లలు ఎంతోమంది బాగవుతున్నారంటే ఆ దారి అక్కడ మొదలైంది.

కాబట్టి మిత్రులారా, "పిల్లల మీద పరీక్షలే వద్దు" అని నినాదం ఇవ్వడానికి నేను రాలేదు. పరీక్షలు లేకపోతే నష్టపోయేది పిల్లలే, అందులో పేద పిల్లలు ముందు. పరీక్ష ఎలా చేశారు, ఎవర్ని అడిగి చేశారు, దానివల్ల వచ్చిన మంచి ఎవరికి దక్కింది, మనం పట్టుకోవాల్సింది ఈ మూడింటినీ.

ఇప్పుడు బీపీ మందుల సంగతికి వద్దాం. 1997లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వం కోరినట్టు ఒక మందుని పిల్లల్లో అధ్యయనం చేస్తే, ఆ కంపెనీకి మార్కెట్‌లో పోటీ లేకుండా అమ్ముకునే గడువు ఇంకో 6 నెలలు పెంచుతారు. పెద్దవాళ్ళు కోట్లలో వాడే బీపీ బిళ్ళకి 6 నెలలంటే ఎంత డబ్బో ఆలోచించండి. అప్పటిదాకా పిల్లల వైపు చూడని కంపెనీలు ఒక్కసారిగా వరస కట్టాయి. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, లోసార్టాన్, ఆమ్లోడిపిన్, ఇలా చాలా మందులు పిల్లల్లో పరీక్షకి వచ్చాయి.

ఆ పరీక్ష చేసే పద్ధతి ఒకటి చెప్తాను. ఎనలాప్రిల్ మీద 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 110 మందితో చేసిన అధ్యయనం 2002లో అచ్చయింది. పిల్లల్ని మూడు గుంపులు చేసి ఒకరికి తక్కువ, ఒకరికి మధ్యరకం, ఒకరికి ఎక్కువ మోతాదు రెండు వారాలు ఇచ్చారు. తర్వాత ప్రతి గుంపులోనూ కొందరికి అదే మందు కొనసాగించి, మిగిలినవాళ్ళకి మందు లేని ఉత్తుత్తి బిళ్ళ ఇంకో రెండు వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. మందు ఆపినవాళ్ళకి బీపీ మళ్ళీ పెరిగితే, ఆపనివాళ్ళకి పెరగకపోతే, మందు నిజంగా పనిచేస్తోందని అర్థం. ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చే రోజులు తక్కువగా ఉండాలి, ఆ రోజుల్లో పిల్లల్ని దగ్గరగా కనిపెట్టాలి. అవి రెండూ జరక్కపోతే దాన్ని పరీక్ష అనకూడదు, నిర్లక్ష్యం అనాలి.

అన్ని పరీక్షలూ ఇలా జవాబివ్వలేదు. 2008లో కొందరు పరిశోధకులు ఇలాంటి 6 బీపీ పరీక్షల్ని పక్కపక్కన పెట్టి చూశారు. వాటిలో సగం, మోతాదు పెరిగేకొద్దీ పని పెరుగుతోందా అనే అసలు ప్రశ్నకే జవాబు ఇవ్వలేకపోయాయి. ఎందుకు? తక్కువ మోతాదుకీ ఎక్కువ మోతాదుకీ మధ్య తేడా సరిపోయినంత పెట్టలేదు. పిల్లలకి సరిపడే ద్రవ రూపంలో మందు తయారుచేయలేదు. అంటే పిల్లల ఒంట్లో సూదులు గుచ్చారు, రక్తం తీశారు, బీపీ ఉన్న పిల్లలకి ఉత్తుత్తి బిళ్ళలు ఇచ్చారు, చివరికి నేర్చుకున్నది చాలా తక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి: సరిగా ప్లాన్ చేయని పరీక్ష కూడా అన్యాయమే, సంతకాలన్నీ సక్రమంగా ఉన్నా సరే.

మరి మంచి పరీక్ష ఏం ఇస్తుంది? యూరప్‌లో కిడ్నీ జబ్బున్న 385 మంది పిల్లల్ని 5 ఏళ్ళు చూశారు. అందరికీ రామిప్రిల్ ఇచ్చారు. సగంమందికి బీపీని మామూలు హద్దులో ఉంచారు, మిగతా సగానికి ఇంకాస్త కిందికి దించి ఉంచారు. కిందికి దించినవాళ్ళ కిడ్నీలు ఆలస్యంగా పాడయ్యాయి. 2009లో ఇది బయటికి వచ్చాక ప్రపంచమంతా పిల్లల కిడ్నీ డాక్టర్లు ఆ లెక్క వాడుతున్నారు. ఉద్దానంలో, ప్రకాశం పడమటి పల్లెల్లో కిడ్నీ జబ్బుల సంగతి మనందరికీ తెలుసు. డయాలసిస్‌ని కొన్నేళ్ళు వెనక్కి నెట్టగలిగే జ్ఞానం ఒక పేద ఇంటికి ఎంత విలువైనదో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మందులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? బ్రెజిల్ అడవుల్లో ఉండే ఒక రక్తపింజరి జాతి పాము విషం మీద అక్కడి శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా 1965లో చేసిన పని నుంచి. ఆ దారిలో తయారైన కాప్టోప్రిల్ అనే బిళ్ళ 1981లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. దానికి ముందు మన దేశంలో సర్పగంధ వేరు ఉంది. ఊళ్ళల్లో పాముకాటుకీ పిచ్చికీ వాడిన ఆ వేరు బీపీ తగ్గిస్తుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో ఇంగ్లండ్ పత్రికలో రాశాడు. 1952లో ఒక స్విస్ కంపెనీ అందులోంచి రిసర్పిన్‌ని వేరుచేసింది. పాముల గురించి, వేర్ల గురించి మన యానాది పెద్దలకి ఎంత తెలుసో మీకు తెలుసు. జ్ఞానం పుట్టేచోట మన లాంటి వాళ్ళున్నారు, పరీక్షించేచోట మన పిల్లలున్నారు. మరి నిర్ణయం తీసుకునేచోట, లాభం పంచుకునేచోట మనం ఎక్కడ?

ఇప్పుడు మన రాష్ట్రంలో జరిగినదానికి వస్తాను. అది బీపీ మందు కాదు, టీకా. కానీ పిల్లల మీద అధ్యయనం, ఆదివాసీ పిల్లల మీద అధ్యయనం అంటే మనం మొదట చదవాల్సింది అదే.

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదరలోనూ చేశారు. దాన్ని పరీక్ష అనలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. చాలామంది పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ ఆడపిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలు, మహిళా సంఘాల, ఆరోగ్య సంఘాల ఆందోళన తర్వాత 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. ఆ చావులకి టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. సంబంధం ఉండకపోవచ్చనే చెప్పింది. హెచ్‌పీవీ టీకాని ఇవాళ చాలా దేశాల్లో వేస్తున్నారు, అది క్యాన్సర్‌ని అడ్డుకుంటుంది. టీకా చెడ్డదని మీ ఊళ్ళో ఎవరికైనా చెప్తే మీరు మన ఆడపిల్లలకే నష్టం చేసినట్టు. తప్పు టీకాలో లేదు, అడగకుండా వేయడంలో ఉంది.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కి చెందిన 9,543 అంగీకార పత్రాల లెక్క రాసింది. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మా నాన్న బతికే ఉన్నారు, కొండ మీద ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళని అడగలేదు. పిల్లకి అన్నం పెట్టే వార్డెన్, పిల్ల ఒంటి మీద కూడా సంతకం పెట్టేశాడు. పిల్లకి ఏదైనా అయితే చూసుకునే ఏర్పాటు సరిగా లేదని కూడా ఆ నివేదిక చెప్పింది.

వేలిముద్ర అంటే మన ప్రాంతంలో చిన్న మాట కాదు. ఇక్కడి నుంచి చీరాల దాటి కాస్త ముందుకెళ్తే స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాల్ని నేరస్థ జాతి అని ముద్రవేసి తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద నమోదైన మనుషుల వేలిముద్రలు తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ఏ నేరం చేయకపోయినా, ఫలానా ఇంట్లో పుడితే చాలు. 1952లో ఆ చట్టం పోయింది. కానీ ఆఫీసరు కాగితం చాపితే మారుమాట లేకుండా వేలు సిరాలో ముంచే అలవాటు పోలేదు. రేషన్ దగ్గర వేలు, బ్యాంకు దగ్గర వేలు, ఆస్పత్రిలో కూడా వేలు. అడిగితే కోపం చేస్తారేమో, వైద్యం ఆపేస్తారేమో అని భయం. ఆ భయంతో పెట్టిన ముద్రని అంగీకారం అనడానికి నేను ఒప్పుకోను.

ఇది ఏజెన్సీకే పరిమితం అనుకోకండి. 2011లో మన గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద మహిళల్ని డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్ళి మందుల పరీక్షల్లో వాడిన సంగతి బయటపడింది. పత్తి చేలో, మిరప చేలో కూలి దొరకని రోజుల్లో ఇంటికి వచ్చి నాలుగువేలు చేతిలో పెడతామంటే ఏ తల్లి వద్దంటుంది? పైగా మనం మైదాన ప్రాంత ఆదివాసులం. యానాది, ఎరుకల, సుగాలి పేటలకి ఐదో షెడ్యూల్ వర్తించదు, పెసా గ్రామసభ లేదు. ఊరి మొత్తం తరఫున అడిగే వేదిక చట్టం మనకి ఇవ్వలేదు. కాబట్టి ఆ వేదిక మనమే అవ్వాలి.

ఈ పోరాటాల వల్ల కొన్ని మారాయి, అవి మీ చేతిలో ఆయుధాలు. 2009 జూన్ 15 నుంచి ప్రతి మందు పరీక్షనీ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయాలి, ఆ వివరాలు ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు. 2012లో స్వాస్థ్య అధికార్ మంచ్ సుప్రీంకోర్టుకి వెళ్ళాక, 2013లో పరీక్ష వల్ల నష్టపోయినవాళ్ళకి ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలనే నిబంధన వచ్చింది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నియమాల్లో ఇవన్నీ ఒకచోట చేర్చారు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు. వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లలకి అర్థమయ్యేలా చెప్పి వాళ్ళ ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. 12 దాటితే అది రాతలో ఉండాలి. అమ్మ సరే అన్నా పిల్ల తల అడ్డంగా ఊపితే ఆ తల ఊపుకి విలువ ఉంది.

ఎవరైనా మీ పేటకి వచ్చి, పిల్లల బీపీ చూస్తాం, కొత్త మందు ఇస్తాం అంటే ఈ ఏడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: ఇది వైద్యమా, పరీక్షా? పరీక్ష అయితే రిజిస్ట్రీ నంబరు ఎంత?

రెండు: మా పిల్లకి జబ్బు ఉందని ఎలా తేల్చారు? ఎన్నిసార్లు కొలిచారు, పట్టీ పిల్ల చేతికి సరిపోయిందా?

మూడు: ఈ మందు కాకుండా ఇప్పటికే ఉన్న వైద్యం ఏంటి? ఒప్పుకోకపోతే అది ఆపకుండా ఇస్తారా?

నాలుగు: ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చే రోజులు ఉన్నాయా? ఉంటే ఎన్ని రోజులు, ఎవరు చూస్తారు?

ఐదు: రాత్రి పూట పిల్లకి కళ్ళు తిరిగితే ఏ నంబరుకి చేయాలి, ఎవరొస్తారు, ఖర్చు ఎవరిది?

ఆరు: మిరప కోతలకి మేం వలస వెళ్తాం. మధ్యలో మందు ఆగితే ఏమవుతుంది? క్లోనిడిన్ లాంటి కొన్ని బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ సంగతి ముందే చెప్పారా?

ఏడు: మందు పనిచేస్తే, పరీక్ష అయిపోయాక మా పిల్లకి అది దొరుకుతుందా?

ఆడపిల్లల తల్లులకి ఇంకో మాట. ఎనలాప్రిల్, లోసార్టాన్ లాంటి మందులు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. మన పేటల్లో పదిహేను పదహారేళ్ళకే పెళ్ళిళ్ళు ఇంకా జరుగుతున్నాయి. ఆ మందు వాడుతున్న పిల్లకి ఈ సంగతి చాటుగా, మర్యాదగా, తన భాషలో చెప్పాల్సిన బాధ్యత డాక్టరుది. చెప్పించాల్సిన బాధ్యత మనది. దానికంటే ముందు ఆ పెళ్ళిని ఆపాల్సిన బాధ్యత కూడా మనదే.

జవాబులు వచ్చాక అంగీకార పత్రం మీ భాషలో చదివించుకోండి. చదవడం రాని అమ్మ పక్కన, పరీక్ష చేసేవాళ్ళతో సంబంధం లేని సాక్షి ఒకరుండాలని నియమం ఉంది. ఆ సాక్షి మీరే అవ్వండి, డిగ్రీ చదివిన తమ్ముడు, ఇంటర్ చదువుతున్న చెల్లి. ఆ పత్రం నకలు ఇంటికి తెచ్చుకోండి. ఈ వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఎప్పటివో పాత పత్రికలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఎవరో దాచిపెట్టబట్టే అవి ఉన్నాయి. మన దగ్గర మాత్రం ఆస్పత్రి చీటీ మూడో రోజుకి వేరుశనక్కాయల పొట్లం అవుతోంది. ప్రతి పేటలో ఒక ట్రంకు పెట్టె పెట్టి, పిల్లల ఆస్పత్రి కాగితాలన్నీ అందులో దాచండి. రేపు ఎవరైనా 'మీరు ఒప్పుకున్నారుగా' అంటే, దేనికి ఒప్పుకున్నామో చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

ఇంకో పని కూడా. మీ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, పిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీ ఉందా అని అడగండి. లేకపోతే అర్జీ పెట్టండి. ఆశా అక్కతో, ఏఎన్‌ఎం అమ్మతో మాట్లాడి, హాస్టల్ పిల్లలకి ఏడాదికోసారి బీపీ చూడమని అడగండి. కిడ్నీ జబ్బు ముందే తెలిసిన పిల్ల బతుకు వేరు, ఆలస్యంగా తెలిసిన పిల్ల బతుకు వేరు.

సైన్సుకి మనం శత్రువులం కాదు. మన పిల్లల ఒంట్లో మందు ఎలా పనిచేస్తుందో తెలియాలి, అది మన హక్కు కూడా. ఎప్పుడూ పట్నం పిల్లల మీదే చూసి, తిండి చాలని, రక్తం తక్కువున్న మన పిల్లలకి అదే మోతాదు రాసిస్తే అదీ అన్యాయమే. అందుకే తలుపు మూసేయమని నేను అనట్లేదు. తలుపు తట్టి, పేరు చెప్పి, కూర్చుని, మా ప్రశ్నలకి జవాబిచ్చి లోపలికి రమ్మంటున్నాను.

ఇది చదువుతున్న మీరు ఈ ఏడు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి మీ పేట రామాలయం గోడకో, అంగన్‌వాడీ గోడకో అంటించండి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించండి. మీ ఊళ్ళో ఎవరైనా అంగీకార పత్రం పట్టుకొస్తే మాకు రాయండి, కలిసి చదువుదాం.

జై ఆదివాసీ. జోహార్.